ఇప్పచెట్ల కింద పాత చీరలు

జనగామలో మేముండే సందులోకి అప్పుడప్పుడు ఒక సైకిలాయన వస్తాడు. ముందు హ్యాండిలుకు స్టీలు టబ్బులు వేలాడుతుంటాయి, వెనక పాతబట్టల మూట ఉంటుంది. "పాత చీరెలకు గిన్నెలూ..." అని ఆయన కేక వేస్తే మా వరుసలోని ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వస్తారు. మొన్న ఎండలు మొదలైన రోజుల్లో మా ఆవిడ కూడా ఒక మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. పెద్ద టబ్బుకు బేరం కుదిరింది. నేను కుర్చీలోంచి లేచి వెళ్లి మూట మీద చెయ్యి వేశాను.

"ఇవి ఇయ్యొద్దు."

"ఏం జేస్తవ్ వీటిని, కట్టుకుంటవా?" అంది మా ఆవిడ. సైకిలాయన మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

సైకిలాయన కేక వినగానే నాకు ఒక ముసలామె గొంతు గుర్తుకొచ్చింది: "చీరెకు గిన్నె తీసుకుంటరా, పిచ్చోళ్లు! చీరెకు మట్టి వస్తది." ఆమె పోయి ఏడాది దాటింది. కబురు తెలిసి కూడా నేను వెళ్లలేదు. ఆ రోజు ఎవరిదో పెళ్లి ఉందని మా ఇంట్లో చెప్పాను. పెళ్లి ఉన్న మాట నిజమే. పెళ్లికీ వెళ్లలేదు.

నేను అటవీశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మహబూబాబాద్ ఇంకా వేరే జిల్లా కాని రోజుల్లో గూడూరు దాటాక ఉండే గుట్టల్లో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నాను. ఆ గుట్ట వాలుకు ఒక లంబాడీ తండా ఉంది. ఆ తండాకు ఆమె పెద్ద. అందరూ ఆమెను యాడి అనేవాళ్లు. వాళ్ల భాషలో అమ్మ అని. కొన్నాళ్లకు నాకూ అదే పిలుపు అలవాటైంది. తండాలోని వన సంరక్షణ సమితికి అధ్యక్షురాలు కూడా ఆమే. ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. మొదటి మీటింగులో కుర్చీ ఖాళీగా కనబడితే వచ్చి కూర్చుంది, మళ్లీ లేవలేదు.

పొడుగాటి మనిషి. మోచేతుల పైదాకా తెల్లగాజులు. చేతిలో ఎప్పుడూ ఒక సత్తుచెంబు ఉండేది. అందులోని నీళ్లు తాగడానికి కాదు. అడవిలో ఎక్కడ ఆగినా చెంబు వంచి గుక్కెడు నీళ్లు నేలమీద పోసి, నడుముమీద చెయ్యి పెట్టుకుని చూసేది. నీళ్లు చప్పున ఇంకితే "తాగింది" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం, బాలింత పక్కన కూర్చున్న మంత్రసాని మొహంలా ఉండేది. నీళ్లు నిలబడితే మాత్రం ఆ నేలనూ పక్కనున్న మనిషినీ కలిపి తిట్టేది. ఆ పక్కనున్న మనిషి చాలాసార్లు నేనే.

ఆమెకు తెలియనివి చాలా ఉండేవి. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు. మట్టిలోని ఎర్రలు పాములకు తమ్ముళ్లని నాతో రెండు వర్షాకాలాలు వాదించింది. అవి మట్టిని గుల్ల చేస్తాయి, నీళ్లకు దారి చేస్తాయి అని నేను ఓపికగా చెప్పాక, "తమ్ముళ్లే, కాకపోతే మంచి తమ్ముళ్లు" అని సవరించుకుంది. అంతకుమించి తగ్గలేదు.

అసలు ఆమెను మట్టి పిచ్చిలో దించింది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదు.

మొదటి మీటింగులో పైనుంచి వచ్చిన కాగితం ఒకటి చదివి వినిపించాను. అడవిలో నిప్పు పెట్టవద్దు. రాలిన ఆకు నేలకు దుప్పటి. దాని కింద మట్టి చల్లగా ఉంటుంది. పురుగూ బూజూ కలిసి ఆ ఆకును మళ్లీ మట్టి చేస్తాయి. వాన చినుకు ఆకుమీద పడి మెల్లగా ఇంకుతుంది. దుప్పటి కాలిపోతే చినుకు నేరుగా నేలను కొడుతుంది. నేల పెచ్చుకడుతుంది, పైనున్న మంచి మట్టి వాగులో కొట్టుకుపోతుంది. ఇదంతా నేను చదువుకున్నదే, పరీక్షలో రాసి పాసైందే. అయినా చదువుతూ గడియారం చూసుకున్నాను. నాకు తెలిసిన విషయాలు చాలా ఉన్నాయి. వాటిలో నేను నమ్మి నడుచుకున్నవి తక్కువ.

చదవడం అయిపోగానే ఆమె కుర్చీలోంచి చెయ్యి లేపింది. "బాగనే ఉన్నది సారూ. మరి ఇప్పపువ్వు ఎట్లేరాలె?"

ఇప్పపువ్వు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే కనబడదు, దొరికినా చెత్త అంటుకుని వస్తుంది. అందుకని పువ్వు మొదలయ్యే ముందు చెట్టు కింద ఆకులకు అగ్గి పెట్టడం అక్కడ అందరికీ అలవాటు. నల్లటి నేలమీద పువ్వు ముత్యంలా కనబడుతుంది, ఏరడం సులువు. కాని చెట్టు కింద పెట్టిన అగ్గి చెట్టు కిందనే ఉండదు.

"ఏదన్న బట్ట పరుసుకోండ్రి" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. జీపు స్టార్టు చేసి ఉంది, తప్పించుకోవడానికి అన్నాను.

ఆమె ఆ మాట పట్టుకుంది. తండాలో బట్టలు చాలవని, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని నెల్లికుదురు, దంతాలపల్లి తిరిగింది. పెద్ద ఇళ్లు చూసి వాకిట్లో నిలబడి, "అడివి సారు చెప్పిండు. ఆకు భూమికి దుప్పటట. పాత చీరెలుంటే ఇయ్యండ్రి" అని అడిగేది. నెల్లికుదురులో ఒక రైతు, "ఏం యాడీ, భూమికి సలి పెడ్తుందా?" అని వేళాకోళం చేశాడట.

"నీకు ఎండ కొడ్తే నెత్తికి తువ్వాల సుట్టుకోవా? భూమికి నెత్తి లేదా?" అని ఆ తువ్వాల కూడా అడిగి తెచ్చుకుంది.

ఆఖరికి మా సొంతూరు కొడకండ్లలో మా ఇంటికే వచ్చింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మ పాతచీరలు గిన్నెలాయన కోసం మూటకట్టి పెట్టింది. యాడి చూపు ఆ మూటమీదే ఉంది.

"గవి గిన్నెలాయనకు పెట్టుకున్ననే" అంది మా అమ్మ.

చీరకు మట్టి వస్తుందని యాడి అన్నది అప్పుడే. మా అమ్మకు నవ్వొచ్చింది.

"మట్టికేం కరువే మాకు? చెల్కలున్నయి, పొలాలున్నయి."

"ఉన్న మట్టి ముచ్చట కాదు దొరసానీ, పోయే మట్టి ముచ్చట. మీ కొడుకే చెప్పిండు."

మా అమ్మ నావైపు కిందినుంచి మీదిదాకా చూసింది. "వీడా? వీడు చెప్పేది ఇంట్ల నేనే ఇనను."

"నేనింట" అంది యాడి, మూట చంకన పెట్టుకుంటూ. అందులో జరీ అంచు చీర ఒకటి పొరపాటున పోయింది. మా అమ్మ దాన్ని తిరిగి అడగలేదు. బతికినన్నాళ్లూ మాత్రం గుర్తుచేసుకుంది.

ఆ ఎండాకాలం తెల్లవారుజామున గుట్ట ఎక్కి చూశాను. చీరల్ని రెండేసి, మూడేసి కలిపి కుట్టి చెట్టుచెట్టు కిందా పరిచారు. చాకిరేవు గుట్టెక్కినట్టుంది. పచ్చవి, ఎర్రవి, పూలవి, మా అమ్మ జరీది. వాటిమీద పువ్వు కుప్పగా ఉంది. ఆడవాళ్లు నాలుగు కొసలు పట్టి ఎత్తి గంపల్లో పోసుకుంటున్నారు. ఇసుక లేదు, మసి లేదు. కొనడానికి వచ్చిన వ్యాపారి గుప్పిట్లో పువ్వు తీసుకుని, ఎక్కడిదని రెండుసార్లు అడిగాడు.

మూడు నాలుగేళ్లు ఆ వాలుమీద అగ్గి పడలేదు. ఆకుమీద ఆకు పడింది. పైది గలగలమనేది, కిందిది మెత్తబడేది, దాని కిందిది జల్లెడలా అయ్యి చేతిలో మట్టయ్యేది. మధ్యలో తెల్లటి బూజు దారాలు. తొలివాన పడితే ఇటుకపొడి కలిపినట్టు వచ్చే వాగు, పాలు పొయ్యని చాయ్ రంగులో వచ్చింది. తండా బావి వేసవిలో కూడా పూర్తిగా ఎండలేదు. యాడి చెంబు వంచేది, నేల తాగేది. ఆమె చుట్టుపక్కల తండాలన్నింటికీ వెళ్లి, "మా సారు చెప్పిండు" అని మొదలుపెట్టేది. ఆ సారు వేరే ఎవరో అన్నట్టుండేది నాకు.

అప్పుడు ఉద్యమం ఉధృతమైంది. నేను ఉద్యోగుల సంఘంలో చురుగ్గా ఉండేవాణ్ణి. తెలంగాణ రావాలన్న కోరిక నిజమైనదే, అందులో నటన లేదు. కాని దాని పక్కనే ఇంకో కోరిక కూడా ఉంది. మైకు పట్టుకుంటే నా గొంతు నాకే ముద్దొచ్చేది. సినిమాల్లో ఎగతాళి చేసే మా మాటనే మైకులో గట్టిగా మాట్లాడి చప్పట్లు కొట్టించుకోవడం ఎంత మత్తో, అది తాగినవాడికే తెలుసు.

ప్రభుత్వానికి ఉద్యోగులు సహాయ నిరాకరణ మొదలుపెట్టారు. అది అడవిలో అగ్గి పుట్టే కాలం. మా బీట్ ఆఫీసరొకడు, "అన్నా, అగ్గి చూసే వాచర్లనన్న పనికి పోనిద్దామా?" అని అడిగాడు. "ఉద్యమంల మినహాయింపులుండయి" అన్నాను. ఆ వాక్యం బాగుందనిపించింది. సాయంత్రం మైకులో కూడా వాడాను.

ఆ వారమే ఆ గుట్టల కింద మహబూబాబాద్ పోయే రోడ్డుమీద వంటావార్పు పెట్టాం. రోడ్డుమీదే పొయ్యిలు వెలిగించి, వండి, తిని, బండ్లను ఆపే నిరసన అది. వందలమంది ఆడవాళ్లు వస్తారు, నీడ కావాలి. టెంట్లన్నీ వేరే శిబిరాలకు పోయాయి. నాకు గుట్టమీది చీరలు గుర్తొచ్చాయి. మోటారుసైకిలు మీద తండాకు పోయాను.

"యాడీ, ఒక్కరోజుకు చీరెలియ్యి. రోడ్డుమీద ఆడోళ్లకు నీడ గావాలె."

"ఇప్పుడా? పువ్వు మొదలయింది సారూ."

"ఒక్క రోజే గద."

"ఇప్పచెట్టుకు మీ బందులు గిందులు తెల్వయి. రాత్రి రాలుతది, పొద్దుగాల ఏరాలె."

"పువ్వు ఎక్కువనా యాడీ, తెలంగాణ ఎక్కువనా?"

అది అడగకూడని ప్రశ్న. ప్రతి ఊరేగింపుకూ తండాను వెంటేసుకుని నడిచొచ్చిన మనిషిని అడగకూడని ప్రశ్న. ఆమె ఆడవాళ్లను కేకేసి చీరలన్నీ దులిపి మడతపెట్టించింది.

"రేపు పొద్దుమూకక ముందే తేవాలె. నువ్వే తేవాలె."

మర్నాడు రోడ్డుకు అడ్డంగా గుంజలు పాతి చీరలు కట్టాం. ఎండ వాటిలోంచి దిగి కింద కూర్చున్నవాళ్ల మొహాలమీద రంగురంగులుగా పడింది. పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే యాడి తండా ఆడవాళ్లతో గుండ్రంగా ఆడింది. గాజులు డప్పుతో పోటీపడ్డాయి. అంత అందమైన నీడను నేను మళ్లీ చూడలేదు. సాయంత్రానికి కబురొచ్చింది, పెద్ద నాయకుడు రేపు వస్తున్నాడు, శిబిరం ఉంచమని. ఉంచాం. రేపు ఎల్లుండి అయింది.

ఆమె వేదిక మెట్ల దగ్గరికి వచ్చి అడిగేది. "సారూ, చీరెలు?"

"గీ ఉపన్యాసం గాంగనే, యాడీ."

ఇంకొకసారి వచ్చింది. "మా దొరబిడ్డకు మైకు దొరికింది. ఇగ మేమేడ కనబడ్తం" అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పి పోయింది. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత అడగలేదు. గుట్టలవైపు తిరిగి కూర్చుంది.

వయసులో ఉన్నవాళ్లంతా శిబిరంలోనే ఉన్నారు, తండాలో మిగిలింది ముసలివాళ్లు. పువ్వు రాలి ఆకుల్లో పడి కుళ్లుతుంటే ఎంతసేపని చూస్తారు? ఎవరో ఒక చెట్టు కింద, పాత పద్ధతిలో, అగ్గిపుల్ల గీశారు. ఒక్క చెట్టు కిందనే.

ఆ మధ్యాహ్నం నేను మైకులో ఉన్నాను. "ఈ నేల మనది, ఈ మట్టి మనది" అంటుండగా నా మీది నీడ కదిలింది. పచ్చచీర జారిపోయింది. తర్వాత ఎర్రది. "పోలీసులొచ్చిన్రు!" అని ఎవరో అరిచారు. పోలీసులు కాదు. యాడి కొడవలితో తాళ్లు కోస్తోంది. వాళ్ల భాషలో ఏదో గట్టిగా అరిచింది. తండా ఆడవాళ్లందరూ లేచి, చీరలు చంకన పెట్టుకుని రోడ్డు దిగి గుట్టవైపు పరుగెత్తారు. అప్పుడు చూశాను, గుట్టమీద పొగ. నేను మైకు వదిలాను. కాని మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేశాకే వదిలాను.

నేను వెళ్లేసరికి వాళ్లు చీరల్ని కుంటలో ముంచి మంటను బాదుతున్నారు. నేనూ ఒకటి తీసుకుని బాదాను. వాచర్లు లేరు. నేనే రావద్దన్నాను కదా. పాలిస్టరు చీరలు కరిగి ముద్దలయ్యాయి, నూలుచీరలు జల్లెళ్లయ్యాయి. పొద్దు గుంకేసరికి మంట ఆగింది, సగం వాలు పోయాక.

రెండ్రోజుల తర్వాత విచారణకు మా రేంజి అధికారి వచ్చాడు. అగ్గి ఎట్లా వచ్చిందని అడిగాడు. యాడి కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పింది. "మేమే మరిచినం. ఆకు దుప్పటని మా సారు మొదలే చెప్పిండు." నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆయన జీపెక్కాక ఆమె వెంట నడుస్తూ, ఎందుకలా చెప్పావని అడిగాను. నామీద ప్రేమతో అని అంటుందనుకున్నాను.

"నీ నౌకరి పోతే కొత్త సారొస్తడు. గాయన ఆకు దుప్పటని చెప్తడో, చెప్పడో. నువ్వైతే చెప్పుడు బరాబర్ చెప్తవ్."

తొలివాన వెలిశాక నన్ను పిలిపించింది. కాలిన వాలుమీద చెంబు వంచింది. నీళ్లు ఇంకలేదు. కాసేపు బూడిదలో నిలబడి, నల్లగా పాకుతూ వచ్చి నా బూట్లను తాకాయి.

"నేల మూతి ముడుసుకున్నది సారూ" అంది. తిట్టలేదు. నీళ్లు నిలబడితే ఆమె తిట్టకపోవడం అదొక్కసారే చూశాను.

ఆ మాట అని ఊరుకోలేదు. ఆ వానల్లోనే కాలిన కొమ్మల్ని, రాళ్లను వాలుకు అడ్డంగా వరసలు పేర్పించింది. కొట్టుకొచ్చే మట్టి వాటి వెనక ఆగింది. మళ్లీ ఊళ్లమీద పడి చీరలు అడుక్కొచ్చింది. మా అమ్మ ఈసారి మూట తానే కట్టి పంపింది. ఎవరినైనా అడగడానికి ఆమె సిగ్గుపడింది నేను చూడలేదు. కాలిన గుట్టకు కాపలా ఉన్నట్టు, పశువుల్ని ఎక్కనివ్వక మరుసటి ఎండాకాలమంతా అక్కడే పడుకుంది. మగవాళ్లు విసుక్కుంటే, "నా కోడలికి కాన్పయింది, పథ్యం చూసుకుంటున్న" అనేది.

రాష్ట్రం వచ్చిన వారంలో లడ్డూల డబ్బాతో వెళ్లాను. రెండు లడ్డూలు తిని, ఒకసారి చిందేసి, నా చెయ్యి పట్టుకుని గుట్టమీదికి తీసుకుపోయింది. చెంబు వంచింది. నీళ్లు తటపటాయించి, కొంత ఇంకి, కొంత జారాయి.

"తెలంగాణ వచ్చింది సారూ. గీ మట్టింక రాలే" అంది. బాధగా అనలేదు. "వస్తది. లొల్లి జేస్తే వచ్చేది కాదిది. ముట్టకుంటె వస్తది."

తర్వాత నన్ను భూపాలపల్లి వైపు బదిలీ చేశారు. ఒకపక్క బొగ్గుగనుల మట్టిగుట్టలు, ఒకపక్క దట్టమైన అడవి. ఆమె ఎవరితోనో ఫోన్ చేయించేది. బాగున్నవా అని ఉండదు, తిన్నవా అని ఉండదు. "నేల తాగుతున్నదా సారూ?"

"తాగుతుంది యాడీ."

"పోసి చూసినవా?"

"చూసిన" అనేవాణ్ణి, ఆఫీసు కుర్చీలోంచి. అన్నిసార్లు ఆ అబద్ధం చెప్పాక ఒకరోజు సిగ్గేసి, సీసాతో నీళ్లు తీసుకుని అడవిలోకి నడిచాను. అప్పటినుంచి ఆ అలవాటు పోలేదు. ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్న పని అదొక్కటే అనిపిస్తుంది, అదీ చివరి ఏళ్లలో.

మొన్న సైకిలాయన్ని ఖాళీగా పంపించి, మూట తీసుకుని బయల్దేరాను. రాత్రి మహబూబాబాద్‌లో బంధువులింట్లో ఉండి, తెల్లవారుతుండగా తండా చేరాను. ఎవరింటికీ వెళ్లకుండా గుట్ట ఎక్కాను. ఆ వాలును నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. రాళ్ల వరసలు ఆకుల్లో మునిగిపోయాయి. అడుగు పెడితే మెత్తగా దిగింది. సీసా మూత తీసి కొంచెం నీళ్లు పోశాను. చూద్దామని వంగేలోపే తాగేసింది.

"యాడి కూడ గట్లనే పోసేది" అన్న మాట వినబడి తిరిగి చూశాను. ఒక యువతి, గంప పక్కన పెట్టుకుని ఇప్పచెట్టు కింద చీర పరుస్తోంది. యాడికి మనవడి భార్యట. పెళ్లయి వచ్చి కొన్నేళ్లయిందట.

"గీ చీరెలు పరుసుడు ఎవరు నేర్పిన్రు మీకు?" అని అడిగాను.

"యాడే. యాడికి ఎవరో అడివి సారు చెప్పిండంట. ఆకు భూమికి దుప్పటని. మస్తు మంచి సారంట. అగ్గి వచ్చిన ఏడు మాతోని సమంగ మంటలు కొట్టిండంట."

"అగ్గి ఎట్ల వచ్చిందో చెప్పలేదా?"

"మేమే మరిచినమని చెప్పేది."

ఆ మాట దగ్గరే, విచారణ రోజు, ఇంతకుముందు ఒకసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

"మీరు మరువలేదు బిడ్డా. చెట్ల కింది చీరెలు నేను తీస్కపోయిన, రోడ్డుమీద నీడకు. ఒక్కరోజని చెప్పి తిరిగియ్యలే. గందుకే అగ్గొచ్చింది. గా సారు నేనే."

ఆమె నన్ను చూసింది. తర్వాత నా చంకలోని మూటను చూసింది.

"మల్ల తీస్కపోనీకొచ్చినవా?"

"లేదు. ఇచ్చిపోదామని."

"మరి నిలబడ్డవేంది సారూ? ఎండెక్కుతుంది. గా కొస పట్టు."

మూట విప్పి, పైనున్న చీర కొస పట్టుకున్నాను. రెండో కొస ఆమె పట్టుకుంది.

"గట్టిగ గుంజు. ముడతల్ల పడ్తే పువ్వు నలుగుతది."

గట్టిగా గుంజాను.